సీసపు ముద్ర మీది రౌతు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బైజాంటియం సామ్రాజ్యంలో, అంటే ఇప్పటి ఇస్తాంబుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యంలో, ఉత్తరాలకు, దస్తావేజులకు కట్టిన సీసపు ముద్రల గురించి పోయిన సంచికలో రెండు పేజీలు వేశాం. అందులో ఒక ముద్ర మీద, గుర్రమెక్కి కింద పామును బల్లెంతో పొడుస్తున్న పునీతుడి బొమ్మ ఉంది. వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ ఆ బొమ్మ గురించే. ఒకే రకంవి కలిపి, ఊరి పేరు మాత్రం ఉంచి జవాబిస్తున్నాం.

ప్రశ్న (నరసాపురం): మా చర్చిలో సెయింట్ జార్జి తెల్ల గుర్రం మీద ఉంటాడు. మీరు వేసిన ముద్రలో ఉన్నదీ ఆయనేనా? ఇలాంటి బొమ్మ కనబడితే ఎవరో ఎలా పోల్చుకోవాలి?

అవునండీ, ఆయనే. కానీ గుర్రాన్ని చూసి ఆ మాట చెప్పలేదు, పక్కనున్న అక్షరాలు చదివి చెప్పాం. గుర్రమూ పామూ ఉంటే జార్జి అనేసుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. థియోడోరోస్, డెమెట్రియోస్, మెర్కూరియోస్, ప్రొకోపియోస్ కూడా సైనిక పునీతులే. పామును చంపిన ఖ్యాతి జార్జి కంటే ముందు థియోడోరోస్‌ది. జార్జి డ్రాగన్‌ను చంపిన కథ ఆ తర్వాత, 11వ శతాబ్దం నుంచి ప్రచారంలోకి వచ్చింది. తుర్కియేలో కపడోసియా ప్రాంతంలో గొరెమె అనే చోట కొండను తొలిచి కట్టిన 'యిలాన్లీ కిలిసె' ఉంది. ఆ పేరుకు పాముల గుడి అని అర్థం. దాని గోడ మీద జార్జి, థియోడోరోస్ చెరో గుర్రమెక్కి ఒకే పామును చెరో వైపు నుంచి పొడుస్తుంటారు. ఇక కాకసస్ పర్వతాల్లోని జార్జియా దేశపు పాత బొమ్మల్లో అయితే చాలాచోట్ల జార్జి గుర్రం కింద పాము ఉండదు, ఒక మనిషి పడి ఉంటాడు. ఆయన్ని హింసించిన రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ అన్నమాట.

కాబట్టి ముందు అక్షరాలు చూడండి. బొమ్మకు అటూ ఇటూ పేరు గ్రీకు అక్షరాల్లో నిలువుగా, ఒక అక్షరం కింద ఒకటిగా దిగుతుంది. మొదట చిన్న సున్నా, దాని లోపల ఇంగ్లీషు ఏ లాంటి అక్షరం ఉంటాయి. అది 'హాగియోస్', అంటే పునీతుడు అనే మాటకు పొట్టి రూపం. ఆ వెంటనే వచ్చేదే పేరులో మొదటి అక్షరం. ఇంగ్లీషు ఎల్ నీడ కాలవ నీళ్లలో పడితే ఎలా కనబడుతుందో అలా ఉంటే జార్జి. సున్నా మధ్యలో అడ్డగీత ఉంటే థియోడోరోస్. త్రికోణం ఉంటే డెమెట్రియోస్. ద్వారబంధంలా రెండు నిలువులూ పైన ఒక అడ్డమూ ఉంటే ప్రొకోపియోస్. ఎమ్ అయితే మెర్కూరియోస్. అరిగిన ముద్రలో లోపల ఏ ఉన్న సున్నా, అడ్డగీత ఉన్న సున్నా ఒకలాగే కనబడతాయి. మొదటిది పునీతుడనే మాట, రెండోది థియోడోరోస్ పేరు. ఈ రెండూ తికమక పడితే ఎవరైనా థియోడోరోస్ అయిపోతాడు. చంద్రవంకలా ఉండేది 'స' కారం, దాన్ని ఇంగ్లీషు సీ అనుకోవద్దు.

అక్షరాలు పోయి ఉంటే తల చూడాలి. జార్జికి గడ్డం ఉండదు, జుట్టు ఉంగరాలు తిరిగి గుండ్రంగా, చిన్న చిన్న చుక్కల గుత్తిలా చెక్కి ఉంటుంది. డెమెట్రియోస్ కూడా గడ్డం లేని యువకుడే, కానీ జుట్టు పొట్టిగా, తిన్నగా ఉంటుంది. ప్రొకోపియోస్ జుట్టు చెవుల వెనక్కి దిగుతుంది. థియోడోరోస్‌కు కోసుగా గడ్డం. అసలు చిక్కు ఏమిటంటే థియోడోరోస్‌లు ఇద్దరు. 'టైరోన్' అంటే కొత్తగా చేరిన సిపాయి, 'స్ట్రాటెలాటెస్' అంటే సేనాని. సేనానికి గడ్డం రెండు పాయలుగా, జుట్టు ఉంగరాలుగా చూపించడం అలవాటు. రెండున్నర సెంటీమీటర్ల బిళ్ల మీద, అదీ గుర్రం మీద కూర్చున్నవాడి గడ్డం ఒక పాయా రెండు పాయలా అని తేల్చాలంటే భూతద్దం ఒకటే చాలదు, అదృష్టం కూడా ఉండాలి. అలాంటప్పుడు 'థియోడోరోస్' అని రాసి ఊరుకోవడమే నిజాయితీ.

గుర్రం రంగు సంగతి: వర్ణచిత్రాల్లో జార్జిది తెల్లది, డెమెట్రియోస్‌ది ఎర్రటిది అని తేడా చూపిస్తారు. సీసం మీద ఆ తేడా దొరకదు.

ప్రశ్న (కాకినాడ): వేల ముద్రల్లో గుర్రం మీది పునీతులు అతి కొద్దిమందే అని రాశారు. యుద్ధవీరులకు గుర్రం లేకపోవడమేమిటి?

ముద్రల మీద సైనిక పునీతులకు కొదవ లేదు. అయితే వాళ్లు కాలినడకన ఉంటారు. ఎక్కువగా ఛాతీ వరకు, లేదా నిలువెత్తున, మనకెదురుగా, కుడిచేత బల్లెం, ఎడమచేత డాలు. దీనికి మాకు తోచే కారణాలు రెండు.

మొదటిది కొలత. ముద్ర సాధారణంగా మన రూపాయి బిళ్ల మొదలు పది రూపాయల బిళ్ల అంత ఉంటుంది, అంటే 20 నుంచి 27 మిల్లీమీటర్లు. అందులో ఛాతీ వరకు బొమ్మ చెక్కితే ముఖానికి ఆరేడు మిల్లీమీటర్లు దక్కుతాయి. కళ్లు, గడ్డం, జుట్టు అన్నీ పడతాయి. అదే చోట గుర్రం కాళ్లూ, కడుపూ, పైన రౌతూ, కింద పామూ ఇరికిస్తే తలకు మిగిలేది రెండు మిల్లీమీటర్లు. ముఖం చుక్కైపోతుంది. అటూ ఇటూ పేరు రాయాల్సిన జాగా గుర్రం తలా తోకా తినేస్తాయి.

రెండోదే అసలైనది. ఈ ముద్ర కథ చెప్పడానికి కాదు, మొర పెట్టుకోవడానికి. వెనక వైపు రాత చాలాసార్లు 'కీరియె వోయిథి', అంటే 'ప్రభూ, నీ దాసుడికి సాయం చెయ్యి' అని మొదలై, ఆ తర్వాత యజమాని పేరూ హోదా వస్తాయి. మొర వినేవాడు ఎదురుగా నిలబడి చూడాలి. మన గుళ్లో మూలవిరాట్టు ఎదురుగా నిలుస్తాడు, గుర్రమెక్కేది ఉత్సవ విగ్రహం. అశ్వవాహన సేవ రోజున వీధిలో కనబడే రూపం గర్భగుడిలో ఉండదు కదా, కొంచెం అలాంటిదే ఇది కూడా.

అలాగని గుర్రం మీద ఊహ వాళ్లకు లేక కాదు. సొలొమోను రాజు గుర్రమెక్కి స్త్రీ రూపంలో ఉన్న పిశాచాన్ని పొడిచే తాయెత్తులు, ఈ ముద్రల కాలానికి ముందునుంచే తూర్పు మధ్యధరా ప్రాంతంలో మెడల్లో కట్టుకునేవారు. కొన్నింటి మీద 'సొలొమోను ముద్ర' అనే రాసి ఉంటుంది. ఆ రౌతుకూ తర్వాతి జార్జికీ పోలిక కొట్టొచ్చినట్టుంటుంది. 971లో డాన్యూబ్ ఒడ్డున డొరొస్టొలోన్ దగ్గర, ఇప్పటి బల్గేరియాలోని సిలిస్ట్రా అది, బైజాంటియం చక్రవర్తి జాన్ జిమిస్కెస్ రుస్ (ఇప్పటి రష్యా, ఉక్రెయిన్ ప్రాంతాల వాళ్లు) సేనలతో పోరాడుతుంటే గాలివాన లేచి దుమ్ము రుస్ వాళ్ల కళ్లలో కొట్టిందట. తెల్ల గుర్రం మీద ఒక రౌతు ముందుండి వాళ్ల బారులు చీల్చాడట. యుద్ధం అయ్యాక వెతికితే కనబడలేదు. ఆయన థియోడోరోస్ అని నమ్మారు. ఆ కాలపు చరిత్రకారుడు లియో డీకన్ రాసిన సంగతి ఇది. అంటే యుద్ధరంగంలోకి దిగేటప్పుడు పునీతుడు గుర్రం మీదే వస్తాడు, ఉత్తరం మీద మాత్రం ఎదురుగా నిలబడతాడు. ఆ వాడుక దాటి ఎవరైనా తన ముద్ర మీద గుర్రం చెక్కించాడంటే దానికేదో ప్రత్యేకమైన కోరిక ఉందనే మేం అనుకుంటాం.

మరొక మాట. సైనిక పునీతుడు ఉన్నాడు కాబట్టి ముద్ర సైనికుడిదే అనుకోకూడదు. గుమాస్తాలూ, న్యాయాధికారులూ, మతాధికారులూ కూడా ఆ బొమ్మలు వాడారు. ఒకడి పేరే థియోడోరోస్ అయితే పేరింటి పునీతుణ్ణి వేయించుకోవడం మామూలు. గ్రీసులోని థెస్సలొనీకి ఊరికి డెమెట్రియోస్ ఇలవేల్పు లాంటివాడు.

ప్రశ్న (పాలకొల్లు): ఇంగ్లండు రాజుల ముద్రల్లోనూ రౌతు ఉంటాడు. ఆయనా పునీతుడేనా?

కాదు, రాజే. 1066లో గద్దెనెక్కిన మొదటి విలియం పెద్ద ముద్రలో ఒక వైపు సింహాసనం మీద, రెండో వైపు గుర్రం మీద ఉన్నది విలియమే. అటు పడమరలో ముద్ర యజమాని తానే గుర్రమెక్కుతాడు, బైజాంటియంలో పునీతుణ్ణి ఎక్కిస్తాడు. తల చుట్టూ ప్రభామండలం ఉందో లేదో చూస్తే చాలావరకు తేలిపోతుంది. రెండు లోకాలు కలిసిన చోట నాణెం కూడా ఉంది: 1112 నుంచి 1119 వరకు, పడమటి క్రూసేడు యోధులు తూర్పున నెలకొల్పిన అంతియోకు రాజ్యాన్ని ఏలిన సాలెర్నో రోజర్ రాగి నాణెం. రోజర్ పడమటివాడు, నాణెం మీద రాత గ్రీకు, బొమ్మ గుర్రం మీద డ్రాగన్‌ను పొడిచే జార్జి. నల్ల సముద్రపు ఒడ్డునున్న ట్రెబిజాండ్‌లో 1297–1330 నడుమ ఏలిన రెండో అలెక్సియోస్ వెండి నాణెం మీదైతే ఒక వైపు చక్రవర్తి, మరో వైపు ఊరి పునీతుడు యూజెనియోస్, ఇద్దరూ గుర్రాల మీదే.

ప్రశ్న (తణుకు, లేత్ వర్క్‌షాపు): ఉత్తరానికి తాడు కట్టి ఉండగా రెండు వైపులా అచ్చు ఒకేసారి ఎలా పడుతుంది? ఆ పనిముట్టు ఎలాంటిది?

మీ ఇంటి కరెంటు మీటరు చూడండి. కనీసం పాత మీటర్లకు, మెలితిప్పిన తీగ చివర సీసపు గుండు, దాని మీద అచ్చు ఉండేవి. తీగను గుండు బెజ్జంలోంచి దూర్చి, సీలింగ్ ప్లయర్‌తో నొక్కితే బెజ్జం మూసుకుపోయి తీగ లోపల బిగుసుకుంటుంది, రెండు దవడల మీదున్న అచ్చులు రెండు వైపులా పడతాయి. బైజాంటియం పద్ధతి అచ్చంగా ఇదే. తేడా ఏమిటంటే వాళ్లు చేత్తో నొక్కరు, సుత్తితో కొడతారు.

పనిముట్టు పేరు 'బూలోటేరియోన్'. ఇనుముతో చేసిన పెద్ద పట్టకారు. రెండు చేతులు, మధ్యలో సీల, కొసల్లో ఎదురెదురుగా గుండ్రటి దవడలు. దవడల లోపలి ముఖాల మీద బొమ్మా అక్షరాలూ లోతుకు, తిరగేసి చెక్కి ఉంటాయి. దవడ వీపున సుత్తి దెబ్బ తగలడానికి మందమైన బొడిపె ఉంటుంది.

బిళ్లలు ముందే పోసి ఉంచుకునేవారు. మూసలో బిళ్ల అడ్డంగా సన్నటి బెజ్జం పడేలా ఏర్పాటు ఉంటుంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది, కట్టెల పొయ్యి చాలు. ఉత్తరాన్ని మడిచి, తాడు చుట్టి, రెండు కొసలూ బిళ్ల బెజ్జంలోంచి తీసి, బిళ్లను దవడల మధ్య పెట్టి ఒక గట్టి దెబ్బ. సీసం మెత్తనిది కాబట్టి బెజ్జం తాడును కరుచుకుంటుంది. తాడు కోస్తే గానీ, ముద్ర విరగ్గొడితే గానీ ఉత్తరం విప్పలేరు.

ఇందులో ఏది చెడుతుందో మీకు చెప్పక్కర్లేదు గానీ మిగతా పాఠకుల కోసం రాస్తున్నాం. బిళ్ల అచ్చు కంటే చిన్నదైతే అంచునున్న అక్షరాలు గాల్లో పడతాయి, పేరులో సగం పోతుంది. బిళ్ల పక్కకు జరిగితే బొమ్మ ఒక వైపు కోతకు గురవుతుంది. గుర్రం బొమ్మల్లో ముందు పోయేది గుర్రం మూతో, తోకో, ఎందుకంటే అంచుల దాకా సాగేవి అవే. రెండుసార్లు కొడితే రెండు నీడల్లా అక్షరాలు పడతాయి. బెజ్జం పైన సీసం పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడ బొమ్మ సరిగా లేవదు, చీలిక వస్తుంది. మట్టిలో వందల ఏళ్లు ఉన్నాక సరిగ్గా ఆ బెజ్జం వెంటే బిళ్ల రెండు చెక్కలవుతుంది.

అచ్చు చెక్కేవాడికి మరో లెక్క ఉంది. ముద్రలో గుర్రం మన కుడి వైపుకు పోతుంటే రౌతు కుడి చెయ్యి మన వైపు ఉంటుంది, బల్లెం దూసే చెయ్యి బాగా కనబడుతుంది. ఎడమకు పోతుంటే మన వైపు డాలు వచ్చి పడుతుంది, బల్లెం దాని చాటుకు పోతుంది. ముద్రలో కుడికి పోవాలంటే అచ్చులో ఎడమకు చెక్కాలి. అక్షరాలూ అంతే. ఒక్క అక్షరం తిరగేయడం మరిచిపోతే అది ప్రతి ఉత్తరం మీదా తిరగబడే పడుతుంది. అలాంటి అక్షరాలున్న ముద్రలు నిజంగానే దొరికాయి.

ప్రశ్న (రాజమహేంద్రవరం): మన రాజరాజ నరేంద్రుడి కాలంలో ఇక్కడ కూడా ముద్రలున్నాయి కదా. రెండింటికీ పోలిక ఉందా?

కాలం ఒకటే. రాజరాజ నరేంద్రుడు 1022 నుంచి 1061 వరకు ఏలాడు. అక్కడ 1042 నుంచి 1055 వరకు చక్రవర్తి తొమ్మిదో కాన్‌స్టాంటైన్, రాజధానిలో మాంగానా అనే చోట పునీత జార్జి పేర పెద్ద మఠం కట్టించినవాడు. పని మాత్రం వేరు. తూర్పు చాళుక్యుల తామ్ర శాసనాల్లో రేకులన్నిటినీ ఒక రాగి కడియానికి గుచ్చి, కడియం రెండు కొసలనూ ముద్ర అడుగున అతికించేవారు. ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే బిరుదు, కింద పద్మం. అది దానం శాశ్వతమని చెప్పే ముద్ర, విప్పడానికి కాదు. సీసపు ముద్ర ఉన్నదే తెంచడానికి. తరతరాలు దాచుకోవలసిన వస్తువు ఒకటి, చదివాక అవతల పారేసేది మరొకటి. అవతల పారేసిందే వేల సంఖ్యలో మిగలడం విచిత్రం. వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ సంస్థ దగ్గరే దాదాపు 17,000 ఉన్నాయి.

మరో తేడా: వరాహం వంశానికి చెందింది, రాజు మారినా మారదు. బైజాంటియంలో పునీతుణ్ణి ఎంచుకోవడం మనిషి ఇష్టం. హోదా పెరిగినప్పుడు కొత్త అచ్చు చేయించుకుంటూ బొమ్మ కూడా మార్చుకున్నవాళ్లున్నారు.

ప్రశ్న (ఉండి దగ్గర ఒక ఊరు): చేపల చెరువు తవ్వుతుంటే గుర్రం బొమ్మ ఉన్న సీసం బిళ్ల దొరికింది. ఇది బైజాంటియం ముద్ర కావచ్చా?

దానికంటే దగ్గరి చుట్టం శాతవాహన నాణెం. ఆంధ్ర ప్రాంతంలో శాతవాహనులు సీసంతోనే నాణేలు వేశారు, వాటి మీద ఏనుగు, సింహం, గుర్రం ఉంటాయి. మూడు సంగతులు చూడండి. గుర్రం మీద మనిషి ఉన్నాడా? శాతవాహన గుర్రం రౌతు లేకుండా ఊరికే నిలబడి ఉంటుంది. అంచు నుంచి అంచుకు బెజ్జం ఉందా? నాణేనికి ఉండదు. వెనక వైపు కూడిక గుర్తూ, దాని నాలుగు కొసల్లో గుండ్రాలూ ఉన్నాయా? అది ఉజ్జయిని చిహ్నం, అక్కడితో సందేహం తీరిపోయినట్టే. దాన్ని చింతపండుతో తోమకండి, ఇసుకతో రుద్దకండి, పైపొర పోతే అక్షరాలు కూడా పోతాయి. భూమిలో దొరికిన పాత వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతోంది. దొరికిన చోటు, లోతు రాసి పెట్టుకుని ఆ పని చేయండి.

ప్రశ్న (భీమవరం): ఆన్‌లైన్‌లో 'సెయింట్ జార్జి బైజాంటైన్ సీల్' అని అమ్ముతున్నారు. అసలుదో కాదో ఇంట్లో తేల్చుకోవచ్చా?

అసలుదని తేల్చలేరు గానీ, కొన్ని నకిలీలను మాత్రం పట్టేయగలరు. కంసాలి తూకంలో తూచండి. తర్వాత దారంతో కట్టి నీళ్లలో వేలాడదీసి మళ్లీ తూచండి, బిళ్ల గ్లాసు అడుగుకు తగలకూడదు. మొదటి బరువును రెండు బరువుల తేడాతో భాగించండి. సీసమైతే 11 చుట్టుపక్కల రావాలి. ఏడు దగ్గర వస్తే తగరమో జింకో. ఉదాహరణకు 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న సీసం బిళ్ల 16, 17 గ్రాములు తూగుతుంది, అదే కొలతలో తగరం 11 దాటదు. తుప్పు బాగా పట్టిన అసలు ముద్రకు లెక్క కొంచెం తగ్గొచ్చు.

తర్వాత అంచు చూడండి. చుట్టూ సన్నటి అతుకు గీత, ముఖం మీద సూది మొనంత బుడగల గుంతలు ఉంటే అది మూసలో పోసిన నకలు. బెజ్జం రెండు వైపులా తెరుచుకుని ఉందా? లేక డ్రిల్‌తో వేసినట్టు నున్నగా, గుండ్రంగా ఉందా? దెబ్బ పడిన బెజ్జం నలిగి, నొక్కుకుపోయి ఉంటుంది. గుర్రం మీది జార్జి అరుదని అమ్మేవాళ్లకీ తెలుసు, నకిలీలకు ఆ బొమ్మే ఎంచుకుంటారు. ఒకే గీతా, ఒకే చీలికా రెండు వేర్వేరు బిళ్లల మీద కనబడితే ఇక ఆలోచించక్కర్లేదు. సీసం పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. బిళ్లను చెక్క పెట్టెలో ఉంచొద్దు, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం మీద తెల్లటి పిండి లేస్తుంది. మన కాలవల గాలి తేమ దానికి తోడైతే మరీ త్వరగా పాడవుతుంది. పాలిథీన్ సంచిలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి.

ప్రశ్న (అమలాపురం, ఉపాధ్యాయురాలు): పిల్లలతో ఇలాంటి ముద్ర చేయించాలని ఉంది. వలకు కట్టే సీసపు గుళ్లు కరిగించవచ్చా?

పిల్లలతో సీసం వద్దండీ. కరిగించేటప్పుడు వచ్చే పొగా ధూళీ రక్తంలోకి పోతాయి, పిల్లలకు మరీ హాని. బంకమన్ను చాలు, పద్ధతంతా తెలుస్తుంది.

రెండు స్నానం సబ్బులు తీసుకుని పేరు చెక్కిన ముఖాన్ని చాకుతో సాపు చేయండి. ఒక్కోదాని మీద 25 మిల్లీమీటర్ల గుండ్రం గీసి, అందులో బొమ్మనీ రాతనీ తిరగేసి, రెండు మిల్లీమీటర్ల లోతున చెక్కించండి. ముందు కాగితం మీద రాసి, కాగితాన్ని కిటికీకి ఆనించి వెనక వైపు నుంచి దిద్దుకుంటే తిరగేయడం తేలిక. సబ్బులు రెండింటికీ పై అంచున గుర్తు పెట్టండి, లేకపోతే ముందు రౌతు నిటారుగా ఉండి వెనక అక్షరాలు తలకిందులవుతాయి.

మన్నును రాళ్లు లేకుండా పిసికి, చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా ఉంచండి. 8 మిల్లీమీటర్ల మందం బిళ్ల చేసి, మధ్యలోంచి కొబ్బరి ఈనె దూర్చి అలాగే ఉంచండి. సబ్బులకు టాల్కం పౌడర్ పలచగా చల్లి, బిళ్లను మధ్యలో పెట్టి అరచేత్తో ఒక్కసారి గట్టిగా నొక్కండి. కదిపితే బొమ్మ రెండుగా పడుతుంది. పావుగంటయ్యాక ఈనెను మెలితిప్పుతూ తీయాలి, లాగితే బిళ్ల చీలుతుంది. నీడలో రెండు రోజులు ఆరబెట్టండి, ఎండలో పెడితే బెజ్జం వెంట పగుళ్లొస్తాయి. మన్ను బదులు మైదా, ఉప్పు అయితే రెండు వంతులకు ఒక వంతు. కానీ ఈ వానాకాలం గాలికి ఉప్పు తేమ పీల్చి అక్షరాలు కరిగిపోతాయి, అందుకే ఆ పని వేసవికి పెట్టుకోండి.